నక్షత్రం అయ్యాడని చెప్పింది నేనే

ఒంగోలు,
మట్టల ఆదివారం, రాత్రి.

చిన్నోడా,

నీ మెసేజ్ మీ అత్త చదివి వినిపించింది. "నవ్వుతూ అడిగాడో కోపంగా అడిగాడో తెలీడం లేదు, మీరే చూసుకోండి" అని ఫోన్ నా చేతికిచ్చింది. నాకూ తెలీలేదు. "తాతయ్య పోయిన రోజు నక్షత్రం అయ్యాడన్నావు మామయ్యా. ఇవాళ క్లాసులో నక్షత్రాలు ఎలా చస్తాయో చెప్పారు. మరి తాతయ్య సంగతేంటి?" అని రాశావు. దాని కిందే ఇంకో ముక్క: అసలు మనం ఎక్కడి నుంచి వచ్చాం, ఎక్కడికి పోతాం, చర్చిలో చెప్పేదంతా నమ్మాలా అని. బొటనవేళ్లతో టైపు చేస్తే తెమిలే సంగతి కాదని కాగితం తీశాను. ముప్పై ఏళ్లు తెలుగు మాస్టారిగా చేసినవాణ్ణి, ఉత్తరం కాస్త పొడుగే అవుతుంది. ఓపిక పట్టు.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. అప్పుడు నీకు ఏడేళ్లు. పెట్టె దించుతుంటే నా చొక్కా పట్టుకుని ఒకటే ఏడుపు. ఏం చెప్పాలో తోచక ఆకాశం వైపు చూపించి ఆ మాట అనేశాను. అది సినిమాల్లోంచి వచ్చిన మాట. ఆదికాండం నుంచి ప్రకటన గ్రంథం దాకా వెతుకు, మనిషి చచ్చి నక్షత్రమైన కథ ఒక్కటీ దొరకదు. బడిలో ఎవరైనా పిల్లాడు పాఠం తప్పు అప్పజెబితే గోడకుర్చీ వేయించిన నేను, మా నాన్న భూస్థాపన రోజున నీకు తప్పు పాఠం చెప్పాను. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాననుకో.

నీ చదువుకి భయపడి మాట్లాడేవాణ్ణి కాదు నేను. విశ్వం వయసు సుమారు 1380 కోట్ల ఏళ్లని నువ్వు చెబితే సరేనంటాను. మన కూడికల్లో కొందరు ఆరువేల ఏళ్లే అని బల్ల గుద్ది చెబుతారు. ఆ లెక్క వాళ్లకు బైబిల్లో కనబడింది కాదు. 1650లో ఐర్లండు ఆర్చిబిషప్పు జేమ్స్ అషర్ వంశావళులన్నీ కూడి, క్రీ.పూ. 4004 అక్టోబరు 23 అని తేదీతో సహా తేల్చాడు. చాలా ఇంగ్లీషు బైబిళ్లలో ఆ సంవత్సరాన్ని పక్కన అంచులో అచ్చువేస్తూ వచ్చారు, అంచులోది కాస్తా జనం మనసులో వాక్యమైపోయింది. ఆయనకు పన్నెండు వందల ఏళ్ల ముందే ఉత్తర ఆఫ్రికాలో బిషప్పుగా ఉన్న అగస్టీను ఇలాంటి మొండి వాదనల గురించి హెచ్చరించాడు. నక్షత్రాల గురించి తెలిసినవాళ్ల ముందు విశ్వాసి తెలిసీ తెలియక మాట్లాడితే, వాళ్లు అతణ్ణి చూసి నవ్వి ఊరుకోరనీ, పునరుత్థానం గురించి మన గ్రంథాలు చెప్పేదాన్ని కూడా కొట్టిపారేస్తారనీ అన్నాడు. ఇవాళ యూట్యూబ్‌లో కొందరి ప్రసంగాలు వింటుంటే ఆయన మాట గుర్తొస్తుంది.

నీ పుస్తకంలో జార్జ్ లెమైత్ర్ పేరు ఉండే ఉంటుంది. బెల్జియం వాడు. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో లెక్క కట్టాడు, 1931లో అదంతా ఒక్క ఆది పరమాణువు నుంచి మొదలైందన్నాడు. ఆయన కాథలిక్ ఫాదర్. పోపు 12వ పయస్ 1951లో ఈ సిద్ధాంతాన్నీ దేవుని సృష్టినీ కలిపి మాట్లాడితే సంతోషించాల్సింది పోయి నొచ్చుకున్నాడు. భౌతికశాస్త్రం లెక్కను విశ్వాసానికి సాక్ష్యంగా నిలబెట్టొద్దన్నాడు. రేపు ఆ లెక్క మారితే? అందుకే నేనూ నీకు బిగ్ బ్యాంగ్ చూపించి "చూశావా, దేవుడున్నాడు" అనను.

మరి సృష్టి అంటే మేం నమ్మేదేమిటి? తాపీమేస్త్రీ ఇల్లు కట్టి కూలి తీసుకుని వెళ్లిపోతాడు, ఇల్లు నిలబడే ఉంటుంది. దేవుడు అలా కట్టి వెళ్లిపోయాడనుకుంటే ఎప్పుడు కట్టాడు, ఎన్నాళ్లు పట్టింది అన్న తగువు వస్తుంది. నాకు డప్పు పోలిక నచ్చుతుంది. మన పేటలో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు, చెయ్యి ఆడుతున్నంతసేపే దరువు. చెయ్యి ఆగిందా, డప్పు ఉంటుంది, కర్రలుంటాయి, దరువు మాత్రం ఉండదు. లోకం ఆ దరువులాంటిది. ఈ క్షణాన కూడా అది ఉందంటే ఎవరో దాన్ని ఉండనిస్తున్నారు. ఎప్పుడు మొదలైందో నువ్వు కొలువు. అసలంటూ ఎందుకు ఉంది అన్నది టెలిస్కోపుకి అందే ప్రశ్న కాదు.

ఇక్కడితో ఆగితే ఇది ఏ తత్వవేత్తయినా చెప్పగలిగిన మాట. మన ఇంట్లో ఈ నమ్మకం ఎందుకు పాతుకుందో తెలియాలంటే వెట్టి సంగతి తెలియాలి.

ఆదికాండం పుట్టిన చుట్టుపక్కలే బాబిలోనులో ఇంకో సృష్టి కథ ఉండేది. ఎనూమా ఎలిష్ అంటారు. అందులో దేవతలకు చాకిరీ తప్పించాలనుకుంటారు. అప్పుడు ఓడిపోయిన ఒక దేవుణ్ణి చంపి, వాడి రక్తంతో మనుషుల్ని తయారుచేస్తారు, ఇక చాకిరీ వీళ్లు చేస్తారని. అంటే మనిషి వెట్టికి పుట్టాడు. ఆ దేశాల్లో దేవుడి ప్రతిరూపం అన్న బిరుదు రాజుగారిది. ఆదికాండం ఆ బిరుదును రాజు నెత్తి మీంచి తీసి ఆడా మగా అందరికీ పెట్టింది. మనిషి పేరేమో ఆదాము, హీబ్రూలో నేలను 'అదామా' అంటారు, అంటే మట్టిమనిషి. చేసింది మట్టితో, ఊదింది దేవుడి ఊపిరి. ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఆరో రోజున మనిషి పుట్టాడు, ఏడో రోజు విశ్రాంతి. లెక్క చూడు, కళ్లు తెరిచాక మనిషికి దక్కిన మొదటి పూర్తి రోజు సెలవు రోజు!

ఇప్పుడు మన ఊళ్లకు రా. మన ముత్తాతల కాలంలో "నువ్వు ఎక్కడి నుంచి వచ్చావు" అంటే అది విశ్వం గురించిన ప్రశ్న కాదు. ఏ పేట, ఏ కులం, ఎవరి కింద చాకిరీ అని. తాళ్లకొండపాడులో యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి ఉండేవాడు, మాదిగాయన. దేవుణ్ణి వెతుక్కుంటూ యోగమార్గంలో కూడా తిరిగి, చివరికి 1866లో ఇక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ చేత బాప్తిస్మం పొందాడు. కొత్తగా నమ్మినవాళ్లకు అప్పుడు పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మొదటి దానికే ఊళ్లు భగ్గుమన్నాయి. మాదిగవాడు వారానికో రోజు వెట్టికి రానంటాడా అని బావులు మూసేశారు, కొట్టారు, పనుల్లోంచి వెళ్లగొట్టారు. వాళ్లలో చాలామందికి చదువు రాదు. అయినా ఆదికాండం మొదటి పేజీలో ఉన్న అసలు సంగతి వాళ్లకు అందింది. మనం చాకిరీకి పుట్టలేదు అని.

తర్వాత 1876–78 కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. కరువు పని నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు, గంజి కోసం చేరారన్న మాట రాకూడదని. కరువు తగ్గాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. అన్నం కోసమే మారారని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఆకలి కూడా ఒక కారణమే అయి ఉంటుంది, నేను కాదనను. కానీ ఉత్త అన్నం కోసమే అయితే, కరువు పోయాక ఆదివారం పనికి వెళ్లకుండా దెబ్బలెందుకు తింటారు?

అలాగని మనం ఆ పాఠాన్ని నిలబెట్టుకున్నామా అంటే, లేదు. చర్చి గేటు దాటినా కులం దాటనివాళ్లు మనలోనే బోలెడంతమంది. పెళ్లి సంబంధాల దగ్గర చూడు. ఇక వినుకొండలో 1895లో పుట్టిన కవి జాషువా గారిని బయటివాళ్లు కులమని నెట్టేస్తే, సాటి క్రైస్తవులు పురాణాల మీద పద్యాలు రాశాడని నెట్టేశారు. అదే జాషువాకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చింది 'క్రీస్తు చరిత్ర'. మనవాళ్లకు ఆ ముచ్చట చెప్పుకోవడం తెలుసు, నెట్టేసిన ముచ్చట గుర్తుండదు.

ఇక తాతయ్య సంగతి.

మనవాళ్లు మామూలుగా "పైకి వెళ్లిపోయాడు" అంటారు. ఒళ్లు ఇక్కడ వదిలేసి ఆత్మ ఎగిరిపోతుందని, కథ అంతటితో అయిపోతుందని. ఓదార్పుకి బానే ఉంటుంది. ఇది సగం మాట. విశ్వాస ప్రమాణంలో ప్రతి ఆదివారం మనం గబగబా చదివేసే ముక్క ఒకటుంది, శరీర పునరుత్థానం. శరీరమన్నారు, చూడు! పౌలు సుమారు క్రీ.శ. 55లో కొరింథు సంఘానికి రాసిన ఉత్తరంలో గింజ పోలిక తెచ్చాడు. వేసిన గింజే మొక్కవుతుంది, కానీ మొక్క గింజలా ఉండదు. ఎలా లేస్తారని అడిగినవాడి మీద చిరాకు కూడా పడ్డాడు. ఆ పోలికకు మించి నేను కూడా ఏమీ చెప్పలేను. ఇక బైబిలు చివరి పేజీల్లో మనుషులు పైకి వెళ్లడం ఉండదు, పట్టణమే కిందికి దిగి వస్తుంది, దేవుడు మనుషుల మధ్య కాపురం పెడతాడు. అంటే గమ్యం ఈ నేలను వదిలిపోవడం కాదు. గుండ్లకమ్మా, మన పొగాకు చేలూ, ఇవన్నీ బాగుపడటం.

ఇదంతా ఏ ఆధారంతో అంటావు. ఒక్కటే ఆధారం, తీసేస్తే మొత్తం కూలిపోతుంది: ఈస్టరు తెల్లవారుజామున యేసు సమాధి ఖాళీగా ఉందనీ, ఆయన్ని బతికి చూశామనీ కొందరు చెప్పారు. దాన్ని నువ్వు ల్యాబులో తేల్చలేవు, నేనూ తేల్చలేను. సాక్షుల్ని నమ్మడమో మానడమో. యోహాను రాసిన దాంట్లో మగ్దలేనే మరియ ఏడుస్తూ ఆయన్ని చూసి తోటమాలి అనుకుంటుంది. గుర్తుపట్టింది ఎప్పుడు? ఆయన పేరు పెట్టి పిలిచినప్పుడు. అన్నట్టు, మనం శ్మశానం అనకుండా 'సమాధుల తోట' అంటాం కదా. నాకు ఆ మాట చాలా ఇష్టం. సెమెటరీ అన్న మాట పుట్టిన గ్రీకు మాటకు కూడా పడుకునే చోటు అనే అర్థం. తాతయ్య రాతి మీద 'నిద్రించెను' అని చెక్కించింది అందుకే. ఇప్పుడు ఆయన సరిగ్గా ఎక్కడున్నాడంటే నా దగ్గర అడ్రసు లేదు. క్రీస్తు దగ్గర ఉన్నాడని నమ్ముతాను, మిగతాది లేపినప్పుడు చూద్దాం.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి. ఆ రోజు తాతయ్యకు స్నానం చేయించింది నేనూ మీ నాన్నా. ఎడమచేతి బొటనవేలి కింద గింజంత మచ్చ, నల్లగా, గట్టిగా. చిన్నప్పుడు వాళ్ల నాన్న పక్కన కూర్చుని చెప్పులు కుడుతుంటే ఆరె జారి దిగబడిందట. నన్ను బడికి పంపింది ఆ చెయ్యే. సబ్బు రాస్తూ ఆ మచ్చ మీద నా వేలు ఆగిపోయింది. లేచిన యేసు చేతుల్లో మేకుల గాయాలు పోలేదు, తోమా వాటినే కదా చూస్తానన్నది. తాతయ్య లేచిన రోజున ఆ మచ్చ ఉంటుందా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. ఉండాలనే నా కోరిక. అది లేకపోతే మా నాన్నని నేను గుర్తుపట్టను.

నీ రూమ్మేట్ గురించి కూడా అడిగావు, రోజూ హనుమాన్ చాలీసా చదివే అబ్బాయి, నరకానికి పోతాడా అని. మైకు పట్టుకుని సెంటర్లో అరిచేవాళ్లు ఎప్పుడో తీర్పు ఇచ్చేశారు. మత్తయి సువార్తలో యేసు చెప్పిన తీర్పు వేరేగా ఉంది. ఆకలిగొన్నవాడికి పెట్టినవాళ్లు, తమకు తెలియకుండానే రాజుగారికి పెట్టినట్టు తేలి ఆశ్చర్యపోతారు. నీకు డెంగీ వచ్చినప్పుడు పది రోజులు జావ కాచి పోసింది ఆ అబ్బాయేనని మీ అమ్మ చెప్పింది. తీర్పు కుర్చీ నాది కాదు, నీది కూడా కాదు. దానికి సంతోషించు.

నువ్వు నమ్మాలా అంటే, నేను నమ్మించలేను. మీ అమ్మ బాధపడుతుందని చర్చికి వెళ్లి కూర్చోవద్దు. అడగడం మాత్రం మానొద్దు. యోబు అడిగినంత గట్టిగా దేవుణ్ణి ఎవరూ అడగలేదు, కథ చివర్లో దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న అతని స్నేహితుల మీద.

మీ అత్త నీకు నువ్వుండలు చేసి పెట్టింది. ఈస్టరుకి సెలవు దొరికితే శనివారం మధ్యాహ్నానికల్లా దిగు. సమాధికి వేసే సున్నం శుక్రవారం రాత్రే నానబెడతాను. పోయినేడు తాతయ్య సమాధి వెనక గోడ నేనొక్కణ్ణే వేశాను, వంగితే నడుం పట్టేసింది. కొవ్వొత్తులు ఇక్కడే కొంటాను. నువ్వు నాలుగంగుళాల బ్రష్షులు రెండు తీసుకురా, ఇక్కడివి వెంట్రుకలు ఊడిపోతున్నాయి.

మీ మామయ్య