రంగు డబ్బాలు ఇప్పుడే తెరవకు

తార్నాక,
బుధవారం రాత్రి

చి. అమ్మడికి,

మొన్న ఆదివారం నువ్వు హాస్టల్ నుంచి ఆటోలో తెచ్చిన టేకు పలక నా గదిలో కిటికీ పక్కన గోడకు ఆనించి ఉంది. మీ నాయన ముందు నీ పనిలో తప్పులు ఎంచడం ఇష్టం లేక ఆ పూట ఎక్కువ మాట్లాడలేదు. నువ్వు అడిగింది ఒక్కటే, దాని మీద చెక్కిన ఆర్ట్స్ కాలేజీ భవనానికి ఏ గులాబీ రంగు వెయ్యాలని. మూడు రోజులుగా పొద్దునా సాయంత్రం పలకను చూస్తూనే ఉన్నాను. ఆ ప్రశ్న దాకా రావడానికి ఇంకా చాలా దారి ఉంది, అందుకే ఈ ఉత్తరం.

ఎడమ మూల బండరాళ్లు చాలా బాగా చెక్కావు. మన క్యాంపస్‌లో రాళ్లు ఎందుకు అంత గుండ్రంగా ఉంటాయో నువ్వు గమనించావని ఉలి గాట్లు చూస్తేనే తెలుస్తోంది. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అది. పగుళ్ల వెంట నీళ్లు దిగి, మూలలు ముందుగా అరిగి, ఉల్లిపొరల్లా పెచ్చులు ఊడి గుండు తేలుతుంది. నువ్వూ అదే వరసలో వెళ్లావు. ముందు పగులు గీత, తర్వాత మూలలు, చివర రాతి పొట్ట. అందుకే అవి బంతుల్లా కాకుండా రాళ్లలా కూర్చున్నాయి.

అదే చెయ్యి భవనం దగ్గరికి వచ్చేసరికి బెదిరింది. కిటికీలు లెక్కపెట్టి ఒక్కటి కూడా వదలకుండా చెక్కావు. అన్నీ ఒకే లోతు, అన్నిటికీ ఒకే పదునైన అంచు. వెనకెక్కడో ఉండాల్సిన భవనం ముందున్న రాయికన్నా గట్టిగా కంటికి తగులుతోంది. ఇప్పుడు దాన్ని పలచటి రంగుతో వెనక్కి నెడదామని నీ ఆలోచన. అది కుదరదమ్మా. దూరం ఉలితో రావాలి. ఉలి చెప్పని మాటను రంగు చెప్పలేదు. ఉలి చెప్పేసిన మాటను రంగు మళ్లీ చెప్పకూడదు. నాకు తెలిసినదంతా ఇంతే.

నీ పలక మందం ఒకటిన్నర అంగుళం. వెనక అరంగుళం అసలు ముట్టుకోకూడదు. మిగిలిన ఒక్క అంగుళంలోనే రాళ్లు, చెట్లు, భవనం, ఆకాశం అన్నీ ఇమడాలి. నిజం కొలతలు ఇక్కడ పనికిరావు, వరస ఒక్కటే పనికొస్తుంది. దగ్గరి రాయికి పూర్తి ఎత్తు వదులు, దాని అంచు కింద కొంచెం లోపలికి కోసి నీడను పుట్టించు. చెట్లు అందులో సగం ఎత్తు. దూరం పోయేకొద్దీ అంచులు మెత్తబడాలి, గీతలు తగ్గాలి. ఫ్లారెన్స్‌లో శిల్పి గిబెర్టి 1452లో పూర్తిచేసిన కంచు తలుపుల ఫొటోలు మీ లైబ్రరీలో దొరికితే చూడు. ముందున్న మనుషులు తలుపులోంచి బయటికి వచ్చేస్తున్నట్టు ఉంటారు. వెనక కొండలు, గోడలు గోటితో గీసినంత పలచగా ఉంటాయి. మన పలకకూ సూత్రం అదే.

ఇక భవనం. రేపు పొద్దున ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి దాని ఎదుట పచ్చిక మీద కూర్చో. ఫోన్ సంచిలోంచి తియ్యకు. 1939లో ఏడో నిజాం ప్రారంభించిన కట్టడం అది. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన. స్తంభాల్లో అజంతా, ఎల్లోరా పోలికలు, కమానుల్లో ఇస్లామిక్ రీతి ఉన్నాయని గైడ్లు చెబుతారు, నిజమే. కానీ నువ్వు చూడాల్సింది వేరే ఉంది. కళ్లు సగం మూసి చూడు. కిటికీలు మాయమవుతాయి. నడిమి పెద్ద కమాను లోపలి చీకటి మిగులుతుంది, ఇరుపక్కలా బారుగా పరుచుకున్న గోడ మిగులుతుంది. ఆ చీకటి, ఆ బారు వస్తే చాలు, చూసినవాళ్లు పేరు అడక్కుండానే గుర్తుపడతారు. కమానును భవనంలో అన్నిటికన్నా లోతుగా తియ్యి. దానికి దగ్గరున్న నాలుగు కిటికీలు ఉంచు, చివరలకు పోయేకొద్దీ మిగతావాటిని వంపు ఉలితో చెరిపెయ్యి. కష్టపడి చెక్కినవి చెరపడం మనసుకు కష్టమే. అయినా చెరుపు.

వెలుగు సంగతి. ఈ పలకను మీ డిపార్ట్‌మెంట్ వరండాలో పెడతానన్నావు. అక్కడ వెలుగు ఏ పక్క నుంచి వస్తుందో ముందు చూసుకో. ఎడమ నుంచి వస్తే, రాత్రి గది దీపం ఆర్పి, టేబుల్ లైటు ఒక్కటి ఎడమ పక్కన పలక ఎత్తులోనే పెట్టి చెక్కు. ఎదురుగా దీపం పెట్టుకుని చెక్కిన పని గోడకెక్కాక చచ్చిపోతుంది. నిన్న రాత్రి నీ పలకకు అలా పక్క నుంచి దీపం చూపించాను. రాళ్లు లేచి నిలబడ్డాయి, భవనం అలాగే అంటుకుని ఉండిపోయింది. ఏం చెయ్యాలో నాకంటే దీపమే నీకు బాగా చూపిస్తుంది.

కుడి చివర రైలు పట్టాలు, ఆ పైన మెట్రో స్తంభం కూడా గీసుకున్నావు. రోజూ చూసేవి కాబట్టి వదలబుద్ధి కాలేదు, తెలుసు. మన తార్నాక పేరు తీగ కంచె, దాని దగ్గరి నాకా నుంచి వచ్చిందని పెద్దలు చెప్పేవాళ్లు. నీ పలక అంచు కూడా ఒక నాకానే అనుకో. ఏది లోపలికి రావాలో, ఏది బయటే ఆగాలో అక్కడే తేల్చాలి. మెట్రో స్తంభాన్ని ఆపెయ్యి. అందానికోసం కాదు. నీ కర్ర నార అడ్డంగా నడుస్తోంది. సన్నటి నిలువు స్తంభం చెక్కితే నార తునకలు తునకలుగా తెగి, ఒక్క దెబ్బకు ఊడొస్తుంది. వేపచెట్టు మొదలుకు కూడా ఇదే ప్రమాదం. దాన్ని కొంచెం వాల్చు, వెనక కర్ర వదిలెయ్యి, కింద నుంచి కొయ్యకు.

పలక వెనక నువ్వు కొట్టిన రెండు అడ్డపట్టీలు ఈ వారమే విప్పేస్తాను. ఫెవికాల్ పూసి, స్క్రూలు బిగించేశావు. 1980ల్లో నేనూ అదే చేశాను. ఒక ఆఫీసు హాలుకోసం చెరువుగట్టు దృశ్యం నాలుగడుగుల పలక మీద ఐదు నెలలు చెక్కాను. మే నెలలో ఒక మధ్యాహ్నం చెరువు నడిమధ్య నుంచి ఫట్‌మని చీలింది. కర్ర పొడవునా దాదాపు కదలదు, వెడల్పున మాత్రం వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. మన హైదరాబాద్ ఎండకు మరీను. కదలనివ్వకుండా కట్టేస్తే చీలుతుంది. పట్టీలో స్క్రూ రంధ్రాలను పొడుగ్గా తొలిచి, జిగురు లేకుండా బిగించాలి. ఆ చీలిక చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. నీకు ఆ రోజు రాకూడదు.

ఇంకో రెండు ముక్కలు. పలకను కాళ్ల మధ్య పెట్టుకుని చెక్కడం మానెయ్యి, బల్లకు క్లాంపులతో బిగించు. ఎడమ చెయ్యి ఎన్నడూ ఉలి మొన ముందుకు రాకూడదు. టేకు పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు కట్టుకో.

ఇప్పుడు నీ ప్రశ్న. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మ చేస్తారు. అది తేలికైన, మెత్తటి కర్ర. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికి, పైన సుద్ద పూసి అప్పుడు రంగు వేస్తారు. అక్కడ కర్ర ఒళ్లు, రంగు చర్మం. నిర్మల్‌లో నున్నటి చెక్క మీద, తరచూ నల్లటి నేల మీద, బంగారు రంగు మెరిసేలా దృశ్యాలు వేస్తారు. అక్కడ లోతంతా రంగుదే. రెండూ గొప్ప పనులు. కానీ నీది మూడో పని. నువ్వు చేవ ఉన్న టేకు తీసుకుని ఉలితో నీడలు పుట్టించావు. దాని మీద సుద్ద పూస్తే ఉలి గాట్లన్నీ పూడిపోతాయి.

జర్మనీలో రీమెన్‌ష్నైడర్ అనే శిల్పి 1492 నాటికి మ్యూనర్‌స్టాట్ చర్చికి చెక్కిన కొయ్య బొమ్మలకు రంగు వెయ్యకుండా వదిలాడు. పదేళ్లు దాటాక ఆ ఊరివాళ్లు మరో పెద్ద శిల్పి ఫైట్ ష్టోస్‌ను పిలిచి రంగులు వేయించుకున్నారు. ఊరివాళ్లను నేను తప్పుపట్టను, రంగు లేనిది వాళ్లకు పూర్తయినట్టు అనిపించలేదు. నువ్వు కూడా రంగు వెయ్యి. కానీ కడిగిన నీళ్లంత పలచగా వేసి, ఆరకముందే గుడ్డతో తుడిచెయ్యి. గుంటల్లో మిగిలిందే రంగు. టేకులో సహజంగా నూనె ఉంటుంది, ముందు థిన్నర్‌తో తుడవకపోతే రంగు పెచ్చులుగా లేస్తుంది. గులాబీ రంగు విడిగా కొనకు. టేకు గోధుమ రంగు మీద రవ్వంత ఎరుపు కలిపిన తెలుపు పడితే ఆ గ్రానైటు రంగు దానంతటదే వస్తుంది. ఆకాశానికి కొంచెం నీలం, అదీ కింద అంచున. కమాను లోపల మాత్రం నలుపు పెట్టకు. అక్కడ నీ ఉలి పెట్టిన చీకటి ఉంటుంది.

ఆదివారం పది గంటలకల్లా రా. నూనెరాయి, టేబుల్ లైటు సిద్ధంగా ఉంచుతాను, ఉలులు నాలుగూ తీసుకురా. రంగు డబ్బాలు హాస్టల్లోనే ఉండనీ. పెద్దమ్మ పచ్చిపులుసు చేస్తానంది.

మీ పెద్దనాన్న