రెండో శీలం – కాళ్ల కింద నేల



పంచశీలలో రెండోది అదిన్నాదానం మానుకోవడం. అంటే, ఇవ్వనిది తీసుకోకూడదు. దొంగతనం చెయ్యొద్దని పిల్లలకి చెప్పి ఊరుకుంటాం. మరి ఒక ప్రాంతం ప్రజల కాళ్ల కింద నేలని ప్రభుత్వమే లాగేస్తే?

ఊరు వదలడం అంటే ఏమిటో మనకి తెలుసు. 1985 జూలై 17 తరవాత కారంచేడు మాదిగలు చీరాల చేరారు. 1991 ఆగస్టు 6 తరవాత చుండూరు దళితులు తెనాలిలో తలదాచుకున్నారు. అది కులం చేసిన పని. ప్రభుత్వం పూనుకుంటే ఎలా ఉంటుందో చిట్టగాంగ్ కొండల్లో చూడండి.

1947లో అక్కడ నూటికి 95 మందికి పైగా ముస్లిమేతరులు. వారిలో ఎక్కువమంది చాక్మా, మర్మా బౌద్ధులు. అయినా ఆ కొండలు పాకిస్తాన్‌కి వెళ్లాయి. 1960ల మొదట్లో కప్తాయి డ్యాం కింద సాగుభూమిలో 40 శాతం దాకా మునిగి, లక్షమంది దాకా నిర్వాసితులయ్యారు. వారిలో వేలమంది 1964లో మన దేశం వచ్చారు. 1979 నుంచి బంగ్లాదేశ్ ప్రభుత్వం మైదానాల నుంచి సుమారు 4 లక్షల మందిని భూమి, రేషన్ ఇస్తామని తెచ్చి అక్కడ దింపింది. 1991 నాటికి కొండల జనాభాలో దాదాపు సగం బయటివాళ్లే. 1997 డిసెంబర్ 2న శాంతి ఒప్పందమైతే జరిగింది గానీ, భూమి తగాదాలు తీరలేదు.

మనకి కోపం వస్తుంది. కానీ ఆ వచ్చినవాళ్లెవరు? ఎక్కువమంది సెంటు భూమి లేని కూలీలు. ప్రభుత్వం ఒక పేదని ఇంకో పేద మీదకి తోలింది.

ఇంకోవైపు కూడా చూడాలి. పక్కనే బర్మాలో అధికారం బౌద్ధులది. అక్కడ 1982 చట్టం రోహింగ్యా ముస్లింలను పౌరసత్వానికి దూరం చేసింది. రఖైన్‌లో వాళ్లున్న చోటే బౌద్ధ కుటుంబాలకి ప్రభుత్వం కొత్త ఊళ్లు కట్టించింది. 2017లో సైన్యం విరుచుకుపడితే 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్ పారిపోయారు. కొందరు భిక్షువులు దీన్ని సమర్థించారు కూడా. చీవరం కట్టుకున్నవాడు సమర్థించినా అదిన్నాదానం అదిన్నాదానమే. చాక్మాల కోసం ఏడ్చి రోహింగ్యాల దగ్గర నోరు మూసుకుంటే మనది సమ్మాదిట్ఠి కాదు, మన జట్టు పక్షపాతం.

మరి తెనాలి, బాపట్ల, రేపల్లెలో మనం చేయవలసింది ఏమిటి?

ఒకటి, లెక్కలో కనిపించండి. 2011 లెక్కల్లో దేశంలో బౌద్ధులు 0.7 శాతమే. లెక్కలో లేనివాళ్లని పక్కకి తోసెయ్యడం తేలిక. జనగణనవాళ్లు వచ్చినప్పుడు మతం ‘బౌద్ధం’ అనీ, కులం ఉన్నదున్నట్టూ చెప్పండి. 1990 చట్ట సవరణ వల్ల బౌద్ధులైనా ఎస్సీ హోదా పోదు. భయపడకండి.

రెండు, ఏ మతంవాళ్ల ఇళ్లు కూల్చినా, ఏ వాడని ఖాళీ చేయించినా ఒకే ప్రశ్న వేయండి: ఇది ఇచ్చిందా, లాక్కున్నదా?

వచ్చే పౌర్ణమి వందనం అయ్యాక దీని మీద ఇంటిల్లిపాదీ మాట్లాడుకోండి. రెండో శీలం చెప్పేటప్పుడు ఆ కొండలనీ, ఆ శిబిరాలనీ, చుండూరునీ కలిపి తలుచుకోండి.

భవతు సబ్బ మంగళం.