కమిటీలో మన కుర్చీ



నర్సంపేటలో పొద్దుగాల్నే రోడ్డు పక్కన ఎవరు కనపడతారు? మనవాళ్లే. ఒకరు ఆకుకూరల గంప దించుతారు. ఒకరు పూలు అల్లుతారు. ఒకరు బజ్జీల బండి మీద పొయ్యి ముట్టిస్తారు. వీళ్లందరినీ చట్టం ‘వీధి వ్యాపారులు’ అంటుంది.

ఒకనాడు ఆకుకూరలమ్మే అక్క రాత్రి బడికి ఆలస్యంగా వచ్చింది. మొహం చిన్నబోయి ఉంది.

“ఏమైందక్కా?” అని అడిగాను.

“ఏం జెప్పాలె టీచరమ్మా! ఈడ కూసోవద్దు, గంప తీయుమన్నరు. మరి యాడ కూసోవాలె అంటే ఎవలూ జెప్పరు. మా సంగతి అసలు ఎవలు నిర్ణయం జేస్తరు?”

మంచి ప్రశ్న. ఆ రోజు మాకు అదే పాఠం అయింది.

చట్టం ఏం చెబుతుంది?

వీధి వ్యాపారుల కోసం పార్లమెంటు ఒక చట్టం చేసింది. అది 2014 మే 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం పట్టణంలో ఒక కమిటీ ఉండాలి. దాని పేరు టౌన్ వెండింగ్ కమిటీ. ఎక్కడ అమ్ముకోవచ్చు, సర్వే ఎట్లా చేయాలి అనే మాటలు ఆ కమిటీలో జరగాలి.

కమిటీలోకి ఎవరు వస్తారు?

కమిటీకి అధ్యక్షులు మున్సిపల్ కమిషనర్. మిగతా కుర్చీలు రెండు రకాలు.

ఒకటి: నియమించే కుర్చీలు. వీటికి ప్రభుత్వం పేర్లు ఖాయం చేస్తుంది. పోలీసులు, ఆరోగ్య అధికారి, బ్యాంకులు, దుకాణదారుల సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు, వీళ్ల తరఫు మనుషులు ఈ కుర్చీల్లో కూర్చుంటారు.

రెండు: ఎన్నుకునే కుర్చీలు. ఇవి వీధి వ్యాపారులవి. తమ మనుషులను వాళ్లే ఎన్నుకోవాలి. ఈ కుర్చీలు నూటికి 40కి తగ్గకూడదు. వాటిలో మూడో వంతు ఆడవాళ్లవి.

లెక్క చేసి చూద్దాం. కమిటీలో 15 మంది ఉన్నారు అనుకోండి. వీధి వ్యాపారులు కనీసం 6 మంది ఉండాలి. ఆ 6 మందిలో 2 కుర్చీలు ఆడవాళ్లవి.

“ఎవలన్న పెద్దమనిషి మా పేర్లు రాసిస్తే సరిపోదా?” అని అడిగింది అక్క.

సరిపోదు. రాసిచ్చిన మనిషి మాటే వినవలసి వస్తుంది. మనం ఎన్నుకున్న మనిషి అయితే మనకు జవాబు చెప్పాలి.

“మరి కుర్చీ భార్యది, మాట మొగనిది అయితే?” అంది పూలమ్మే చెల్లె. అందరం నవ్వినం. కానీ అది నవ్వే మాట కాదు. కుర్చీ మనదైతే మాట కూడా మనదే కావాలి. అందుకే చదువు కావాలి.

ఇవి గుర్తు పెట్టుకోండి

1. వీధి వ్యాపారుల సర్వే కనీసం 5 ఏళ్లకు ఒకసారి జరగాలి. సర్వే వాళ్లు వస్తే మన పేరు సరిగ్గా రాశారో లేదో చదివి చూసుకోవాలి.

2. మనను ఒక చోటు నుంచి తీసేయాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

3. సరుకు పట్టుకుంటే దాని పట్టిక రాయాలి. సంతకం చేసిన నకలు మనకు ఇవ్వాలి.

4. ఓటర్ల జాబితా పెట్టినప్పుడు మన పేరు వెతుక్కోవాలి.

కమిటీలో ఎవరెవరు ఉన్నారో తెలుసుకునే హక్కు మనకు ఉంది. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. దాని కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఆ రాత్రి మేమందరం కలిసి ఒక దరఖాస్తు రాసినం. “కమిటీ సభ్యులు ఎవరు? వీధి వ్యాపారుల ఎన్నిక ఎప్పుడు జరిగింది?” అని అడిగినం. ఆకుకూరలమ్మే అక్క ముందుగా కలం అందుకుంది. ఇదివరకు అన్ని కాగితాల మీద ఆమె వేలిముద్రే ఉండేది. ఈ కాగితం మీద సంతకం చేసింది.

కొత్త మాటలు: నియామకం, ఎన్నిక, సభ్యురాలు, నోటీసు, నకలు

ఆలోచించండి, రాయండి

1. నియమించే కుర్చీకి, ఎన్నుకునే కుర్చీకి తేడా ఏమిటి?

2. కమిటీలో 30 మంది ఉంటే వీధి వ్యాపారులు కనీసం ఎందరు ఉండాలి? అందులో ఆడవాళ్లు ఎందరు?

3. మీరు సభ్యురాలు అయితే మొదట ఏం అడుగుతారు? మూడు వాక్యాలు రాయండి.