కస్టమ్ రైఫిల్‌లో తేడా ఎక్కడుంది?

ప్రెయిరీ డాగ్ పేరులో కుక్క ఉన్నా, అది ఉడుత కుటుంబానికి చెందిన జంతువు. అమెరికాలోని మోంటానా, వయోమింగ్, సౌత్ డకోటా మైదానాల్లో బొరియలు తవ్వుకుని గుంపులుగా బతుకుతుంది. పచ్చిక తినేస్తుందని పశుపోషకులు దాన్ని చీడగా చూస్తారు. మూడు, నాలుగు వందల మీటర్ల నుంచి దాన్ని కాల్చడం అక్కడ ఒక రకం వేట. నిలబడిన జంతువు వెడల్పు సుమారు 10 సెంటీమీటర్లే. గురి కాస్త తప్పితే అది గాయంతో బొరియలో దూరి మెల్లగా చనిపోతుంది. అందుకే కర్మాగారంలో తయారైన రైఫిల్ చాలా, ఆర్డరిచ్చి చేయించుకోవాలా అన్న ప్రశ్న వస్తుంది.

కస్టమ్ రైఫిల్ చేసే నిపుణుడు తూటా కూర్చునే చాంబర్‌నూ బారెల్ రంధ్రాన్నీ ఒకే అక్షం మీదకు తెస్తాడు. బోల్ట్ ముఖాన్ని ఆ అక్షానికి సరిగ్గా లంబంగా చెక్కుతాడు. బారెల్ లోపలి గాడులను చేత్తో నునుపు చేస్తాడు. విచిత్రమేమంటే, ఈ పనికి చాలామంది తీసుకునే మూల యంత్రాంగం 1962లో వచ్చిన కర్మాగారపు రైఫిల్ రెమింగ్టన్ 700దే.

ఇంత శ్రమకు దక్కేదెంత? డిగ్రీలో అరవయ్యో వంతు కోణం 400 మీటర్ల దగ్గర 11.6 సెంటీమీటర్లవుతుంది. మంచి కర్మాగారపు రైఫిల్ తూటాలు దాదాపు ఆ వెడల్పులో పడతాయనుకుందాం. కస్టమ్ రైఫిల్ దాన్ని సగానికి తగ్గించినా, కేంద్రం నుంచి లెక్కిస్తే మిగిలేది మూడు సెంటీమీటర్లే.

ఇప్పుడు గాలి సంగతి. తూటాను గాలి పక్కకు ఎంత జరుపుతుందన్నది అది ప్రయాణించిన మొత్తం సమయాన్ని బట్టి ఉండదు. గాలి నిరోధం వల్ల ఎంత ఆలస్యమైందన్నదే లెక్క. సాధారణ .223 తూటా 400 మీటర్లు చేరేసరికి సెకనులో ఏడో వంతు వెనకబడుతుంది. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి ఉంటే అరమీటరుకు పైగా పక్కకు పోతుంది. ఆ వేగాన్ని మూడు కిలోమీటర్లు తప్పుగా అంచనా వేస్తే తేడా పది సెంటీమీటర్లు. లేత్ మీద సాధించిన మూడు సెంటీమీటర్లు అందులో కొట్టుకుపోతాయి.

అయితే కస్టమ్ రైఫిల్ అసలు లాభం వేరే చోట ఉంది. పొడవుగా, సన్నటి మొనతో ఉన్న బరువైన తూటా గాలిలో తక్కువ వేగం కోల్పోతుంది. కానీ పొడవు పెరిగేకొద్దీ అది తలకిందులు కాకుండా నిలవాలంటే వేగంగా తిరగాలి, బొంగరంలాగా. చాలాకాలం కర్మాగారపు .22-250 రైఫిళ్ల బారెల్‌లో గాడి 35 సెంటీమీటర్లకు ఒక చుట్టు తిరిగేది. అది పొట్టి తూటాలకే సరిపోతుంది. కస్టమ్ బారెల్‌లో 20 సెంటీమీటర్లకే ఒక చుట్టు పెట్టించుకోవచ్చు. ఇటీవల కొన్ని కర్మాగారాలూ ఇలాంటి బారెళ్లు ఇస్తున్నాయి కనుక ఆ ఆధిక్యం కరుగుతోంది.

చచ్చిన ప్రెయిరీ డాగ్‌లను గద్దలు, డేగలు తింటాయి. శరీరంలో మిగిలిన సీసపు ముక్కలు వాటికి విషం. సీసానికి బదులు రాగి తూటాలు వాడవచ్చు. రాగి సాంద్రత తక్కువ కాబట్టి అదే బరువుకు తూటా ఇంకా పొడవవుతుంది. దాన్ని నిలకడగా తిప్పడానికి పాత బారెల్ చాలదు.