డిస్కులో అడ్డుగోడలు ఉన్నాయా?

బొబ్బిలి వీణను మీరు చూసే ఉంటారు. గొల్లపల్లి కళాకారులు ఒకే పనస దుంగను తొలిచి దాన్ని తయారు చేస్తారు. దాని దండి మీద 24 మెట్లుంటాయి. ఈ మెట్లు తీగను ముక్కలుగా కోయవు. తీగ ఒకటే, ఎక్కడ నొక్కితే ఏ స్వరమో తెలిపే హద్దులు మాత్రమే అవి.

మీ బడి కంప్యూటరులో సి, డి, ఇ అని కనిపించే డ్రైవుల సంగతీ ఇలాంటిదే. పెట్టె విప్పి చూస్తే తరచు లోపల ఉండేది ఒక్కటే డిస్కు. మరి మూడెలా అయింది? లోపల అడ్డుగోడలున్నాయా? లేవు. డిస్కు జాగానంతా సాధారణంగా 512 బైట్ల చిన్న అరలుగా లెక్కిస్తారు. వీటినే సెక్టార్లంటారు. పాత పద్ధతిలో మొట్టమొదటి సెక్టారులో ఒక పట్టిక ఉంటుంది. దానికి నాలుగు వరుసలు, వరుసకు 16 బైట్లు. “ఈ భాగం ఫలానా సెక్టారు దగ్గర మొదలు, పొడవు ఇన్ని సెక్టార్లు” అని అందులో రాసి ఉంటుంది. అంతే! గోడలన్నీ ఆ 64 బైట్ల రాతే. ఆ రాత చెరిగిపోతే ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉన్నా కంప్యూటరుకు వాటి దారి తెలియదు.

ఆ అంకెలకిచ్చిన చోటు 32 బిట్లు. కనుక 2.2 లక్షల కోట్ల బైట్లకు మించిన డిస్కుకు ఈ పద్ధతి చాలదు. కొత్తదైన జీపీటీ పద్ధతిలో మామూలుగా 128 వరుసలుంటాయి. పైగా పట్టిక నకలు ఒకటి డిస్కు చివర దాచి ఉంచుతారు. తెలివైన పని!

ఈ అంకెలను మనమే దిద్దబోతే ఒక్క సున్నా తప్పినా చాలు, కొంప మునుగుతుంది. అందుకే బొమ్మ చూపి పని చేయించే సాధనాలు వచ్చాయి. లినక్సులో 2004 నుండి ఉన్న జీపార్టెడ్ అలాంటిది, ఉచితం కూడా. అందులో డిస్కు ఒక పొడవాటి పట్టీలా కనిపిస్తుంది. నిండిన మేర పసుపు, ఖాళీ తెలుపు, ఏ భాగానికీ చెందని జాగా బూడిద రంగు.

పాత పెన్‌డ్రైవుతో ఒక ప్రయోగం చేయండి. అందులో ఉన్నవి ముందుగా వేరే చోటికి నకలు తీసుకోండి. జీపార్టెడ్‌లో కుడివైపు పైన ఉన్న జాబితాలో మీ పెన్‌డ్రైవునే ఎంచుకున్నారో లేదో, సైజు చూసి నిర్ధారించుకోండి. దాన్ని అన్‌మౌంట్ చేసి, పట్టీ కుడి అంచును మౌసుతో లోపలికి జరపండి. డిస్కులో ఇంకా ఏమీ మారలేదు సుమా! మీరు చెప్పిన పని వరుసలో వేచి ఉంటుందంతే. అప్లై నొక్కితేనే మొదలవుతుంది.

అప్పుడు అది ముందుగా చివర ఉన్న ఫైళ్ళను లోపలికి సర్దుతుంది, ఆ తరువాతే పట్టికలో పొడవు తగ్గిస్తుంది. ఈ వరుస తారుమారైతే చివరి ఫైళ్ళు హద్దు బయట మిగిలిపోతాయి. పెంచేటప్పుడు మాత్రం ముందు హద్దు జరగాలి.

ఎడమ అంచు జరిపితే? ఇక్కడ వీణ పోలిక చెల్లదు. మైనంలో నిలిపిన మెట్టును జరిపినా తీగ కదలదు. కానీ డిస్కులో భాగం మొదలే మారితే, అందులోని సమాచారమంతా కొత్త చోటికి మోయాలి. పెద్ద డిస్కయితే గంటలు పడుతుంది. నడుమ కరెంటు పోతే సగం అక్కడ, సగం ఇక్కడ! గాలివాన వచ్చేలా ఉన్న సాయంత్రం ఈ పనికి దిగకండి.

మరొక సంగతి. డి డ్రైవులోని ఫొటోలను ఇ డ్రైవులోకి నకలు తీసి నిశ్చింతగా ఉండేవారున్నారు. రెండూ ఒకే డిస్కయితే, అది పాడైన రోజున రెండు నకళ్ళూ పోతాయి. నకలు వేరే డిస్కులో ఉండాలి.

ఇక మీకొక లెక్క: 500 జీబీ అని అమ్మిన డిస్కు కంప్యూటరులో సుమారు 465 అనే చూపుతుంది. 50,000 కోట్లను 1024 చేత మూడుసార్లు భాగించి చూడండి.