రోజు లెక్క రోజుతో, నెల లెక్క నెలతో

మదనపల్లె మార్కెట్ యార్డులో వేలం పాట పాడే మనిషిని ‘ఈ నెల టమాటా ధరెంత?’ అని అడిగి చూడండి. ‘ఏ రోజుది? ఏ రకం?’ అని ఎదురు ప్రశ్న వేస్తాడు. డేటా అనలిస్టుకు కావాల్సిన మొదటి లక్షణం ఆ ఎదురు ప్రశ్నే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో డిగ్రీ, బీటెక్, ఎంబీఏ ముగించి బెంగళూరుకు ఇంటర్వ్యూలకు వెళ్లే విద్యార్థులు పవర్ బీఐ, ఎక్సెల్ నేర్చుకునే వెళ్తారు. చార్టు గీయమంటే గీస్తారు. ‘ఇందులో ఒక్కో చుక్క ఒక రోజుదా, వారానిదా, నెలదా?’ అని అడిగితే మాత్రం తడబడేవాళ్లున్నారు. దీన్నే డేటా రంగంలో గ్రాన్యులారిటీ అంటారు. ఆఫీసుల్లో పొట్టిగా ‘గ్రెయిన్’. ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్, డేటా అనలిస్ట్, బీఐ డెవలపర్ ఉద్యోగాల్లో దేనికి వెళ్లినా ఈ ఒక్క సంగతి మీద పట్టుండాలి.

మన టమాటానే పాఠం

2023 జూలై నెలాఖరుకు మదనపల్లెలో మేలు రకం టమాటా కిలో రూ.200 దగ్గరికి వెళ్లింది. సెప్టెంబరు వచ్చేసరికి ధర కూలిపోయి, రాష్ట్రంలో కొందరు రైతులు పంటను రోడ్ల పక్కన పారబోశారు. ఆ ఏడాదికంతా ఒకే సగటు ధర వేసి చూపిస్తే జూలై లాభం, సెప్టెంబరు నష్టం రెండూ ఆ అంకెలో కలిసి మాయమవుతాయి.

దీన్నే మీ ప్రాజెక్టుగా చేసుకోండి. అగ్‌మార్క్‌నెట్ పోర్టల్‌లో మార్కెట్ల వారీగా వచ్చిన సరుకు, కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ (ఎక్కువ సరుకు అమ్ముడైన) ధరలు రోజువారీగా దొరుకుతాయి. వినియోగదారుల ధరల సూచీ మాత్రం నెలకు ఒక్కసారే వస్తుంది. ఆ సూచీ ప్రకారం 2023 జూలైలో దేశంలో రిటైల్ ద్రవ్యోల్బణం 7.44 శాతం. కూరగాయల మంట, ముఖ్యంగా టమాటా, అందుకు పెద్ద కారణం.

ఇప్పుడు ఈ రెండు పట్టికల్నీ కలపండి. నెల సూచీకి 1వ తేదీ వేసి తేదీతో జోడిస్తే, జూలై 1న మాత్రమే అంకె కనిపిస్తుంది. మిగతా 30 రోజులు ఖాళీ. నెల పేరుతో జోడిస్తే అదే అంకె ప్రతి రోజు వరసకూ అతుక్కుంటుంది. పొరపాటున మొత్తం కూడారో, 31 వరసలకు 31 రెట్లవుతుంది. సరైన పద్ధతేమిటంటే, రోజువారీ ధరల్ని ముందు నెల స్థాయికి తెచ్చి, ఆ తర్వాతే సూచీ పక్కన పెట్టడం. చిన్న కొలతను పెద్ద కొలతకు తేవచ్చు. పెద్ద అంకెను ముక్కలు చేసి రోజుకింత అని పంచితే, లేని సమాచారాన్ని పుట్టించినట్టే.

కూడాలా, సగటు తీయాలా?

నెల స్థాయికి తెచ్చేటప్పుడు అన్నింటికీ ఒకే సూత్రం పనికిరాదు. సరుకు పరిమాణాన్ని కూడొచ్చు. ధరను కూడకూడదు. ఉత్త సగటు తీసినా తప్పే. సోమవారం 100 టన్నులు కిలో రూ.20 చొప్పున, మంగళవారం 20 టన్నులు రూ.50 చొప్పున అమ్ముడయ్యాయనుకుందాం. ఉత్త సగటు రూ.35. సరుకు బరువుతో లెక్కిస్తే రూ.25. రైతుల చేతికి సగటున నిజంగా వచ్చింది ఆ రెండోదే.

స్టాకు, బ్యాంకు నిల్వల్లాంటి వాటికి నెలాఖరు అంకె తీసుకోవాలి. రోజూ వచ్చిన కస్టమర్ల సంఖ్యను కూడితే నెలలో వచ్చిన మొత్తం మనుషుల సంఖ్య రాదు, ఎందుకంటే ఒకే మనిషి పదిసార్లు వచ్చి ఉండొచ్చు. శాతాల సగటు తీయకుండా, లవ హారాల్ని విడివిడిగా కూడి మళ్లీ భాగించాలి.

పాల లెక్కలో ఐదున్నర గంటలు

పుంగనూరు, కుప్పం పల్లెల్లో తెల్లవారుజామునే పాలు పోస్తారు. ఉదయం 5 గంటలకు పోసిన పాలను సర్వరు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయంలో నమోదు చేసిందనుకోండి. మన సమయం దానికన్నా ఐదున్నర గంటలు ముందు కాబట్టి, అక్కడ ముందురోజు రాత్రి 11.30 అని పడుతుంది. అంటే 5.30కి ముందు పోసిన ప్రతి లీటరూ నిన్నటి ఖాతాలోకి పోతుంది. 1వ తేదీ పాలైతే పోయిన నెల ఖాతాలోకే చేరతాయి. కాబట్టి ముందు సమయాన్ని భారత కాలమానంలోకి మార్చి, తర్వాతే తేదీల వారీగా విడగొట్టాలి.

ఇంకో పొరపాటు మరీ తరచుగా కనిపిస్తుంది. 18వ తేదీన రిపోర్టు తీసి, ఈ నెల అమ్మకాల్ని పోయిన నెల మొత్తంతో పోల్చి ‘పడిపోయాయి’ అని చెప్పేస్తారు. 18 రోజుల్ని 18 రోజులతోనే పోల్చాలి. సంత జరిగే ఊళ్లలో అయితే రెండు వైపులా ఎన్ని సంత రోజులున్నాయో కూడా చూడాలి.

ఇంటర్వ్యూకు సిద్ధమయ్యేవారికి

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు సొంత మాటల్లో సాధన చేయండి:

1. రోజువారీ అమ్మకాలున్నాయి, టార్గెట్లు నెలకొకటి ఉన్నాయి. ఎలా పోలుస్తారు?
2. ఒక వారం రెండు నెలల్లో పడితే ఏ నెలలో చూపిస్తారు?
3. మార్కెట్ సెలవు రోజున సున్నా వేస్తారా, ఖాళీ వదిలేస్తారా? (అమ్మకం పరిమాణం సున్నా కావొచ్చు. ధర మాత్రం ఖాళీయే. సున్నా వేస్తే సగటు పడిపోతుంది.)
4. జూలై 1 నుంచి 31 వరకు అని ఫిల్టరు పెడితే 31వ తేదీ అమ్మకాలు ఎందుకు మాయమయ్యాయి? (ఆ కాలమ్‌లో తేదీతోపాటు సమయం కూడా ఉంటే, 31 అంటే ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి 12 గంటలే. ‘ఆగస్టు 1కి ముందు’ అని రాయాలి.)

నాలుగు వారాల ప్రణాళిక

మొదటి వారం మదనపల్లె టమాటా ధరలు ఎక్సెల్‌లోకి తెచ్చుకుని, పివట్ టేబుల్‌లో తేదీల్ని నెలలుగా గ్రూప్ చేయండి. రెండో వారం అదే పనిని ఎస్‌క్యూఎల్‌లో చేసి, రెండు జవాబులూ సరిపోతున్నాయో చూడండి. మూడో వారం పవర్ బీఐలో ప్రత్యేకంగా డేట్ టేబుల్ తయారుచేసి, రోజు, వారం, నెల, ఏప్రిల్‌తో మొదలయ్యే ఆర్థిక సంవత్సరం కాలమ్స్ పెట్టండి. నాలుగో వారం ఆ డ్యాష్‌బోర్డును రోజూ మార్కెట్‌కు వెళ్లే మనిషికి చూపించండి. అంకె తప్పయితే ఆయన చూడగానే పట్టేస్తాడు.

ప్రతి చార్టు కిందా ఒక వాక్యం రాయడం అలవాటు చేసుకోండి: ‘ఇందులో ఒక్కో చుక్క ఒక నెల; ధర సరుకు బరువుతో తీసిన సగటు; చివరి నెల 18వ తేదీ వరకే.’ ఆ వాక్యం తడుముకోకుండా రాయగలిగిన రోజు మీరు ఇంటర్వ్యూకు వెళ్లొచ్చు.