వరదకొరకు కనిపెట్టు చెట్టు

మొదటి కీర్తనలోని నీటియొడ్డు చెట్టును మనము చిన్ననాటినుండి ఎరుగుదుము. అది ఏ జాతిదో కీర్తనకారుడు చెప్పలేదు. ఆస్ట్రేలియా దేశమునకు స్వంతమైన అట్టి చెట్టొకటి కలదు. దానిని రివర్ రెడ్ గమ్ అందురు. మనము జామాయిలు అని పిలుచు చెట్ల కుటుంబములోనిదే. మన కాగితపు మిల్లులకై వేయు తోటలలో దీని సంతతియు గలదు. శాస్త్రనామము యూకలిప్టస్ కమాల్డులెన్సిస్. ఇటలీలో నేపుల్సు దగ్గరి కమాల్డోలి తోటలో పెరిగిన చెట్టును చూచి 1832లో ఆ పేరు పెట్టిరి. పుట్టిన యేటి పేరు కాక పరాయి తోట పేరు దానికి నిలిచిపోయినది!

సుమారు 2,500 కిలోమీటర్ల ముర్రే నది వెంబడి ఈ చెట్లు వందల యేండ్లు బ్రదుకును. వాటి తొఱ్ఱలలో చిలుకలు గూడు కట్టును. యోర్టా యోర్టా మొదలగు ఆదివాసులు బెరడును ఒకప్రక్క మాత్రమే ఒలిచి పడవలు చేసికొనిరి. ఆ మచ్చలతో నేటికిని నిలిచియున్న చెట్లు కలవు.

ఈ చెట్టుకు ప్రక్కన నది యుండుట చాలదు, అది గట్టు దాటి రావలెను. పెద్దచెట్టు నెలల తరబడి వరదలో నిలువగలదు. దాని విత్తనము బహు చిన్నది. వరద తీసిన తడిమట్టిలో మొలచి, నేల ఎండకముందే వేరు లోతునకు దింపవలెను. ఆ మొక్క చాలకాలము మునిగినను చచ్చును.

1936లో హ్యూమ్ ఆనకట్ట పూర్తియైనది. చలికాల, వసంతకాలముల నీటిని నిలిపి వేసవిలో పొలములకు విడిచిరి. నది నిండుగానే కనబడెను, వసంతపు వరద మాత్రము తగ్గిపోయెను. 1997 మొదలు 2009 వరకు కరవు రాగా దిగువ తీరమున అనేక వృక్షములు ఎండిపోయెను. 2004 నాటి ప్రభుత్వముల ఒడంబడికవలన నదికిని దాని అడవులకును నీటివాటా ఏర్పడినది. చెట్లకు నీళ్లెందుకని పంట ఎండిన రైతు అడుగుట సహజమే, అతని బాధ చిన్నది కాదు. అయితే వరద మరీ ఆలస్యమైనచో మరియొక కీడు కలదు. ఏండ్లతరబడి రాలిన ఆకులు ఒక్కసారిగా నీటిలో కుళ్లి, నీరు నల్లబడి, ప్రాణవాయువు చాలక చేపలు చచ్చును.

2022 చివర ముర్రేకు గొప్ప వరద వచ్చెను. దక్షిణ ఆస్ట్రేలియాలో 1956 తరువాత అంతటిది లేదు. ఇండ్లు మునిగెను, రోడ్లు తెగెను. నీరు తీసిన తరువాత ఒడ్డు బురదలో ఈ చెట్టు మొలకలు గుంపులుగా లేచెను.